కోహిమా కొండ మీద



దిమాపూర్‌లో రైలు దిగి, డెబ్బై కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు ఎక్కితే నాగాలాండ్ రాజధాని కోహిమా. ఊరి నడిబొడ్డున ఒక కొండవాలు. మెట్లు మెట్లుగా పచ్చిక, పూలమొక్కలు, వాటి మధ్య వరుసలుగా సమాధులు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ పోరాడి చనిపోయిన 1,420 మందిని ఈ తోటలో ఖననం చేశారు. వారిలో కొందరు ఎవరన్నది ఈనాటికీ తెలియదు.

1944 ఏప్రిల్ 4న జపాన్ సైన్యం ఇక్కడ దాడి మొదలుపెట్టింది. అప్పట్లో ఇక్కడ డిప్యూటీ కమిషనర్ బంగ్లా, దాని ముందు టెన్నిస్ కోర్టు ఉండేవి. కోర్టుకు ఈ చివర బ్రిటిష్, భారత సైనికులు, ఆ చివర జపాన్ సైనికులు గుంతలు తవ్వుకుని రోజుల తరబడి ఒకరిపై ఒకరు గ్రెనేడ్లు విసురుకున్నారు. నాగా గ్రామస్థులు దారి చూపించారు, మందుగుండు మోశారు, గాయపడ్డవాళ్లను కొండ దించారు. ఆ పోరులో వాళ్ల ఊరే నేలమట్టమైంది. జూన్ 22 నాటికి గాని కోహిమా నుంచి ఇంఫాల్ వెళ్లే దారి తెరుచుకోలేదు. కోర్టు గీతలు ఇప్పటికీ ఉన్నాయి, సమాధుల నడుమ తెల్లటి కాంక్రీటు గీతలుగా. ఆ గీతకు ఇటొక కాలు, అటొక కాలు పెట్టి నిలబడ్డాను. అంత దగ్గర నుంచి మనిషిని మనిషి చంపుకున్నాడంటే నోట మాట రాలేదు.

ఈ తోటను చూసుకునేది కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్. 1917లో ఏర్పడింది. ఖర్చు పంచుకునే ఆరు దేశాల్లో మన దేశమూ ఒకటి. హోదా, జాతి, మతం ఏదైనా సమాధికి ఇచ్చే గౌరవంలో తేడా ఉండకూడదన్నది దాని నియమం. ఈ పోరులోనే ప్రాణాలిచ్చిన సైనికుడు జాన్ హార్మన్‌కు చనిపోయాక విక్టోరియా క్రాస్ పతకం వచ్చింది. ఆయన సమాధీ పక్కవాళ్ల సమాధుల్లాగే ఉంటుంది.

వచ్చినవాళ్లలో చాలామంది గేటు దగ్గరి స్మారకశిల ముందు ఫోటో దిగి వెనుదిరుగుతారు. నేను మాత్రం మిమ్మల్ని మెట్లెక్కి చివరిదాకా రమ్మంటాను. తోటలో అన్నిటికన్నా ఎత్తైన చోట ఇంకో కట్టడం ఉంది. అక్కడ 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నాయి. వాళ్ల ఆచారం ప్రకారం దహనం చేశారు కనుక వాళ్లకు సమాధులు లేవు. పూలు పెడదామన్నా ఎక్కడ పెట్టాలి? మిగిలింది పేరొక్కటే.

పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని ఒక ఊరుంది, తరతరాలుగా సైన్యానికి బిడ్డల్ని పంపిన ఊరు. నా బాధ అక్కడివాళ్లకు చప్పున అర్థమవుతుంది. మనం పెద్దలకు నీళ్లు వదిలేటప్పుడు పేరూ గోత్రమూ పైకి చెబుతాం. ఈ పలకల మీద పేరుంది, గోత్రం ఉండాల్సిన చోట రెజిమెంటు ఉంది. అందుకే నేను పైకే చదివాను, ఒక్కో పేరూ ఆగి ఆగి. పొద్దు వాలేసరికి సగం కూడా కాలేదు.

మీరు వెళితే మొదటి వరుస నుంచి చదవకండి. అవి అందరూ చదివేవే. మధ్యలోంచి అందుకోండి.