బంగారము వెడలిపోయిన ఊరు

కోలారు బంగారు గనుల పట్టణములో మొదట మా దృష్టి నాకర్షించినవి గుట్టలు. దూరమునుండి చూచిన అవి కొండలవలెనే తోచును. కాని అవి ప్రకృతి పెంచిన కొండలు కావు. పాతాళమునుండి రాతిని పైకి తెచ్చి, పొడిచేసి, సయనైడుతో బంగారమును వేరుచేసిన పిమ్మట మిగిలిన పిండి అది. నూట ఇరువది యేండ్లలో ఈ గనులనుండి సుమారు 800 టన్నుల బంగారము వెలువడినది. బంగారము దేశాంతరములకు పోయినది. పిండి ఊరికి మిగిలినది.

ఈ నేలలో పసిడి యున్నదని తొలుత తెలిసికొన్నవారు ఇచ్చటి పల్లెవాసులే. 1802లో సర్వేకై వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఎదుట మారికుప్పము ప్రాంతపు జనులు మట్టిని కడిగి బంగారు రేణువులను చూపిరి. 1875లో మైకేల్ లావెల్ త్రవ్వకపు హక్కు పొందెను. 1880లో జాన్ టైలర్ కంపెనీ ప్రవేశించిన తరువాత పని పెద్దయెత్తున సాగినది. 1902లో శివసముద్రమునుండి సుమారు 150 కిలోమీటర్ల దూరము తీగలమీదుగా విద్యుత్తు ఈ గనులకు వచ్చెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది మూడేండ్ల తరువాత, 1905లో.

పైన ఇంత వెలుగు, క్రింద చీకటి. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు మించినది. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడును దాటును. పైనున్న బరువునకు రాతిగోడలు ఒక్కసారిగా పగిలి పేలుటయు కలదు. ఆర్కాటు, చిత్తూరు సీమలనుండి వచ్చిన తమిళులు, తెలుగువారు ఆ వేడిలో తరతరములుగా పనిచేసిరి. 1965లో శాస్త్రజ్ఞులు వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను కనుగొన్నదియు ఈ గనిలోతులలోనే.

ఇక పరిసరములకు వత్తము. కోలారు పూర్వము గంగరాజుల రాజధానియైన కువలాలపురము. అచ్చటి కోలారమ్మ గుడిలో చోళుల శాసనములు కలవు. ఆవణిలో నొళంబులనాటి రామలింగేశ్వరాలయ సముదాయమున్నది. వాల్మీకి ఆశ్రమము అచ్చటనే యుండెనని, కుశలవులు అచ్చటనే పుట్టిరని జనశ్రుతి. కురుడుమలెలో నిలువెత్తును మించిన ఏకశిలా గణపతి. బూదికోట హైదరాలీ జన్మస్థలము. ఆయన తండ్రి సమాధి కోలారులో నున్నది.

ఇవియన్నియు చూచి మరలివచ్చునప్పుడు మాకొక సంగతి తోచినది. ఈ ఆలయములను కట్టించిన రాజ్యములు ఏనాడో అంతరించినవి. అయినను ఆలయములు నిలుచుటకు రాతి గట్టిదనమొక్కటే కారణము కాదు. దీపమునకు చమురు, పూజకు మాన్యము ఏర్పరచి, ఆ మాటను రాతిపై చెక్కించుట నాటివారి వాడుక. వారు తమ తరువాతి కాలమును తలచిరి. గనుల ఊరి రేపటిని అట్లు తలచినవారు అరుదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి; వేలాది కుటుంబముల జీవనము తారుమారైనది. నేడు ఆ కార్మికుల బిడ్డలు అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు.

ఆలయముల చరిత్రను శాసనములు చెప్పును. గనిలో దిగినవారి చరిత్రకు శాసనములు లేవు. వృద్ధులైన ఆ కార్మికుల కంఠములే శాసనములు. అవి వినబడుచుండగనే విని పదిలపరచుట మనవంటివారి విధి.