మోకాటి నొప్పికి మర్దన



సార్వా ఊడ్పులు ముగిసేసరికి మన గోదావరి డెల్టా గ్రామాల్లో ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట. "మోకాళ్ళు పట్టేశాయమ్మా, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను." 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ సీమకు కాలువ నీరు వచ్చింది. నీటితోపాటు బురదలో పనీ పెరిగింది. నాట్లు వేసే ఆడకూలీ పొద్దున్న వంగితే మధ్యాహ్నందాకా వంగే ఉంటుంది. ప్రతి అడుగూ బురదలోనుంచి పీకి వెయ్యాలి. పీకినప్పుడల్లా ఆ మెలిక మోకాటి మీదనే పడుతుంది. ధాన్యం బస్తా మోసే మగవానికీ, కోనసీమలో కొబ్బరి దింపు తీసేవానికీ ఇదే బాధ.

ఈ నొప్పి ఎందుకు వస్తుందో మొదట తెలుసుకుందాం. తొడ ఎముకా, కాలి ఎముకా కలిసేచోట వాటి కొసలను మెత్తని మృదులాస్థి కప్పి ఉంటుంది. "గుజ్జు అరిగింది" అని మనవాళ్ళు అనేది దీన్ని గురించే. వయస్సు వల్లా, బరువు వల్లా, పాత దెబ్బల వల్లా అది పలచబడి కీలు బిగుసుకుంటుంది. నొప్పి భయంతో కాలు కదపడం మానేస్తాము. దాంతో తొడ ముందువైపు కండ క్షీణిస్తుంది. మోకాటిని పట్టి నిలిపేది ఆ కండే గదా! అది సడలితే భారమంతా కీలు మీద పడి నొప్పి ఇంకా హెచ్చుతుంది.

మర్దన ఉపయోగపడేది ఇక్కడే. అరిగిన గుజ్జును ఏ తైలమూ మళ్ళీ మొలిపించదు. అలా మొలిపిస్తామని సీసా అమ్మజూపేవారి మాట నమ్మవద్దు. మర్దన చేసే మేలు వేరు. బిగిసిన కండ సడలుతుంది, నొప్పి కొంత తగ్గుతుంది, కాలు ముడవడం సులువవుతుంది. అమెరికాలోని వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. 2006లో 68 మంది మోకాటి రోగులకు ఎనిమిది వారాలు మర్దన చేయించగా నొప్పీ, బిగువూ తగ్గాయి. 2012లో ప్రకటించిన మరొక పరిశీలనలో వారానికి ఒకసారి గంటసేపు చేసిన మర్దన అనుకూలమని తేలింది. 2018లో 222 మందితో చేసిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. ఎనిమిది వారాలకు మేలు స్పష్టంగా కనిపించింది గాని, ఏడాది గడిచేసరికి మర్దన చేయించుకున్నవారికీ తక్కినవారికీ చెప్పుకోదగ్గ భేదం మిగలలేదు. అంటే మర్దన ఇచ్చేది కొన్నాళ్ళ సుఖం. ఆ సుఖం ఉన్న రోజుల్లోనే కండకు బలం తెచ్చుకోవాలి.

చేసే విధానం చెబుతాను. మంచం మీద కాలు చాపి కూర్చోండి. మోకాటి కింద దుప్పటి మడత పెట్టండి. నువ్వుల నూనె గాని, కొబ్బరి నూనె గాని గోరువెచ్చగా చేసుకోండి. నూనె పని చెయ్యి జారడానికే, కాబట్టి ఖరీదైన తైలం అక్కరలేదు. ముందు మోకాటి పైనుంచి తొడ మొదలుదాకా అరచేత్తో నిదానంగా నిమరాలి. తర్వాత తొడ కండను రెండు చేతులతో పట్టి, పిండి మర్దించినట్లు పిసకాలి. అసలు పని ఇక్కడే ఉంది, సగం సేపు దీనికే ఇవ్వండి. పిమ్మట మోకాటి చిప్ప చుట్టూ బొటనవేళ్ళతో చిన్నచిన్న సున్నాలు చుట్టాలి. చిప్పను అదిమి నొక్కకూడదు. మోకాటి వెనుక గుంటలో రక్తనాళాలూ, నరాలూ ఉంటాయి, అక్కడ గట్టిగా పట్టవద్దు. చివర పిక్కను కిందినుంచి పైకి నిమరాలి. ఇంట్లో ఇరవై నిమిషాలు చేసుకున్నా మంచిదే. "ఎంత నొప్పి పెడితే అంత గుణం" అనేది పొరపాటు.

అయిన వెంటనే లేచిపోకండి. మోకాటి కింది మడతను కాలితో అదిమి, తొడ కండ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు చెయ్యండి. ఇది ప్రతిరోజూ ఉండాలి.

ఇక్కడ మగవారికి ఒక మాట. మన ఇళ్ళలో మామగారి కాళ్ళు కోడలు పిసుకుతుంది, పిల్లల ఒళ్ళు తల్లి పడుతుంది. నాట్లకు పోయివచ్చిన ఆవిడ కాళ్ళు ఎవరు పడతారు? రోజంతా బురదలో నిలబడింది ఆవిడే. ఆ ఇరవై నిమిషాలు భర్త గాని, కొడుకు గాని కూర్చుంటే తప్పేమీ లేదు.

మర్దన చేయకూడని వేళలున్నాయి. కీలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం తగిలితే ముట్టుకోవద్దు. ఒక పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే ప్రాణానికే ముప్పు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. మన డెల్టాలో బోదకాలు చిరకాలంగా ఉన్న జబ్బు. కాలంతా వాచి ఉంటే అది మోకాటి అరుగుదల అనుకుని మర్దించక, ముందు వైద్యునికి చూపించండి. పడి దెబ్బ తగిలినప్పుడు కూడా అంతే. మధుమేహంతో కాలు స్పర్శ తగ్గినవారు ఉప్పు మూట కాపడం పెట్టుకుంటే కాలినా తెలియదు, జాగ్రత్త.

మరొక సంగతి. కూలి పోతుందని నొప్పి మాత్ర మింగి చేలోకి దిగేవారు చాలామంది ఉన్నారు. వారి ఇబ్బంది నాకు తెలుసు. ఒక్క రోజు పోతే ఇల్లు గడవదు. కాని ఆ మాత్రలు రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. పేరు చెప్పని పొట్లం మందులు అసలే వద్దు. ఒంటి బరువు ఉన్నవారు ఒక్క కిలో తగ్గినా, అడుగు వేసినప్పుడల్లా మోకాటి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. వంటా, అంట్లూ నేలమీద గొంతుక్కూర్చుని కాక, ఎత్తుపీట మీద చేసుకుంటే మోకాళ్ళకు కొంత విశ్రాంతి.

రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా, కాళ్ళు దొడ్డిగా వంగిపోతున్నా మర్దనతో కాలం గడపకండి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల వైద్యులున్నారు. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలతోపాటు ఇంతవరకు వాడిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని పోండి.