కుట్టుమిషను మూత, కంప్యూటరు తాళం
(సొసైటీ వార్షిక సమావేశంలో కంప్యూటరు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "కంప్యూటర్ల గురించి చెప్పండి, కాని జనం లేచి వెళ్ళకుండా చెప్పండి" అని షరతు కూడా పెట్టారు. భోజనాలకు ఇంకా టైము పడుతుందని వంటవారు ఇప్పుడే కబురు పంపారు గనుక ఆ భయం మాకు కొంత తగ్గింది.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విద్యార్థి వేతనాల లెక్కలన్నీ చాలా ఏళ్ళపాటు ఒక కొన్న ప్రోగ్రాములో రాస్తూ వచ్చాము. దాన్ని అమ్మినాయన కంప్యూటరుకు గుచ్చే చిన్న ముక్క ఒకటి ఇచ్చాడు. డాంగిల్ అంటారు దాన్ని. అది గుచ్చితేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. రెండేళ్ళ కిందట ఆ ముక్క కాస్తా చెడిపోయింది. అమ్మినాయన దుకాణం అప్పటికే ఎత్తేశాడు. ఫోను మోగింది, ఎత్తినవారు లేరు. బీరువా మనది, లోపలి కాగితాలు మనవి, తాళంచెవి మాత్రం ఎవరి జేబులోనో ఉండిపోయింది.

ఆ ఏడాది రెండో విడత వేతనం ఇవ్వడానికి పాత రసీదులు వెతికి, తల్లిదండ్రులను పిలిచి అడిగి, చేత్తో జాబితా రాసుకునేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఇంటర్ చదివే ఒక అమ్మాయికి పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఆలస్య రుసుముతో కట్టవలసి వచ్చింది. వాళ్ళ నాన్నగారు ఆటో నడుపుతారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాలుగు మాటలు అనివుంటే బాగుండేదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు గాని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాట మా చెవికెక్కలేదు. అంతకుముందు వినలేదా అంటే విన్నాము. చదువుకున్నవాళ్ళ సరదా అనుకుని వదిలేశాము.

అదేమిటో చెప్పడానికి కుట్టుమిషనుకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. మన సొసైటీ ఇచ్చిన మిషన్లు ఎందరి ఇళ్ళలోనో ఉన్నాయి. దారం చిక్కుపడితే ఆపా తానే మూత తీసి, షటిల్ శుభ్రం చేసి, రెండు చుక్కల నూనె వేస్తుంది. బెల్టు తెగితే బజారులో ఏ కొట్లోనైనా కొంటుంది. పక్కింటి పిల్లకు నేర్పుతుంది. ఇప్పుడు మరో మిషను ఊహించండి. మూతకు సీలు. విప్పితే నేరం. మేము అమ్మిన దారమే వాడాలి, పక్కింటావిడకు ఇవ్వరాదు, మూడేళ్ళ తర్వాత మేము చెప్పిన రోజున ఆగిపోతుంది అంటాడు కంపెనీవాడు. ఆ మిషను మన ఆపాలలో ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా? కాని కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి అలాంటిదే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాము. సాఫ్ట్‌వేర్‌ను ఇష్టమైన పనికి వాడుకోవడం, మూత తీసి చూసి మార్చుకోవడం, నకలు ఇంకొకరికి ఇవ్వడం, మార్చినదాన్ని కూడా పంచడం, ఈ నాలుగూ ఉంటేనే దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు.

ఈ గొడవ మొదలైంది కూడా ఒక ప్రింటరు దగ్గరేనట. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాలయం ఉంది. 1980 ప్రాంతంలో అక్కడి ప్రయోగశాలకు కొత్త లేజర్ ప్రింటరు ఒకటి వచ్చింది. మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అక్కడ పనిచేసేవారు. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా పాత ప్రింటరు ప్రోగ్రామును ఆయనే మార్చారు. కొత్తదానికీ అలా చేద్దామంటే దాని మూలపాఠం ఇవ్వలేదు. అది తన దగ్గరున్న మరో విద్యాలయం మనిషి, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ కాదన్నాడు. ఆ కాదన్న మాట స్టాల్‌మన్ మనసులో ఉండిపోయింది. 1983 సెప్టెంబరులో గ్నూ అనే పథకం ప్రకటించారు, 1984లో ఉద్యోగం వదిలారు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టారు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే గుండెకాయను రాశారు. రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల కొట్టుకునేది ఆ గుండెకాయే.

ఇంగ్లీషులో ఫ్రీ అనే మాటతో ఒక చిక్కు ఉంది. ఉచితమా, స్వేచ్ఛా అని పాపం ఆయన జీవితమంతా వివరిస్తూనే ఉన్నారు. మనకు ఆ బాధ లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు అని మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు.

మన కంప్యూటరు గదిలో ఉన్నవి దాతలు ఇచ్చిన పాత యంత్రాలు. ఇన్నాళ్ళూ వాటిలో నడిచినది, దాచడమెందుకు, దొంగ నకలు. అందరూ చేసేదే కదా అని మేమూ అన్నాము. కాని సంక్షేమ సంఘం అని బోర్డు పెట్టుకుని, ఇంకొకరి హక్కు ఎగ్గొట్టి పిల్లలకు చదువు చెప్పడం మాలో కొందరికి మింగుడు పడలేదు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ఆపింది. 11 పెడదామంటే మన యంత్రాలు దానికి సరిపోవు. అమ్మితే పాత ఇనుము ధర. అందుకని వాటిలో లినక్స్ మింట్ ఎక్కించాము. ఉత్తరాలకు, పద్దులకు లిబ్రే ఆఫీస్ పెట్టాము. ఖర్చు రెండు పెన్ డ్రైవులు, కొన్ని రాత్రుల నిద్ర.

"పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఆఫీసుల్లో వేరేది వాడతారు కదా బాబూ" అని ఒక పెద్దాయన అడిగారు. సబబైన ప్రశ్నే. అందుకే ఒక యంత్రంలో విండోస్‌ను డబ్బు కట్టి, రసీదు తీసుకుని ఉంచాము. కాని ఒక మిషను మీద కుట్టు నేర్చినవారికి రెండోది నాలుగు రోజుల పని. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఎన్నో ఏళ్ళుగా లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు.

అన్నీ తేలికగా జరిగాయని మాత్రం మేము చెప్పము. మన దగ్గరున్న వేలిముద్ర యంత్రం లినక్స్‌లో పలకలేదు. దానికోసం ఆ విండోస్ యంత్రం దగ్గరికే పోతున్నాము. ఫోన్ల సంగతి ఇంకా కష్టం. లోపలి గుండెకాయ స్వేచ్ఛదే అయినా పైన కంపెనీలు వేసిన తొడుగులు ఎన్నో. ఆ తొడుగులు విప్పిన ఫోనులో కొన్ని బ్యాంకు యాప్‌లు నడవమంటాయి. జీతం పడేది ఆ ఫోనులోనే అయినప్పుడు ఏం చేస్తాం? టార్చిలైటు యాప్ ఒకటి దింపుకుంటే అది మన ఫోనులోని పేర్లన్నీ చూస్తానంటుంది. అలాంటప్పుడు మాత్రం వద్దని నొక్కండి. దీపానికి మన చుట్టాల నెంబర్లతో ఏం పని?

ఇక ఈ సంచిక మాట. పాత సంచికల కంప్యూటరు ఫైళ్ళు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనబడ్డాయి. అప్పటి అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఆ ఫాంటు లేకపోతే అది తెలుగని కంప్యూటరుకు తెలియదు. పోయినవారికి రాసిన నివాళులు కూడా అందులో ఉన్నాయి. అచ్చుప్రతులు ముందు పెట్టుకుని మన అమ్మాయిలు ముగ్గురు వాటిని మళ్ళీ టైపు చేస్తున్నారు. ఇప్పుడు తెలుగుకు మండలి, రామభద్ర, గురజాడ వంటి ఫాంట్లు, ఉర్దూ నస్తలీఖ్‌కు నోటో ఫాంటు, ఎవరైనా వాడుకునే, మార్చుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. ఈసారి సంచికలో తెలుగు పేజీలూ ఉర్దూ పేజీలూ వాటితోనే కూర్చాము. తప్పులుంటే అవి మావి, ఫాంట్లవి కావు.

ఆదివారం అసర్ నమాజు తర్వాత కంప్యూటరు గది తెరిచి ఉంటుంది. ఇంట్లో మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఉంటే తీసుకురండి, ముందు మీ ఫొటోలు భద్రంగా తీసి ఇచ్చాకే మిగతా పని మొదలుపెడతాము. ఇంకొక మనవి. ఆ మూతపడిన ప్రోగ్రాములోని లెక్కలు చాలావరకు రాబట్టాము గాని, 2012 నుంచి 2015 దాకా వేతనాలు పొందినవారి జాబితా ఇప్పటికీ అసంపూర్తిగానే ఉంది. ఆ ఏళ్ళలో మీ పిల్లలెవరైనా తీసుకుని ఉంటే, ఆ రసీదు ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే, ఒక్కసారి తెచ్చి చూపించండి. ఫొటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాము.