బావిలో ఊట



పావగడ తాలూకా తిరుమణి అనగానే ఇప్పుడు అందరికీ సౌర విద్యుత్ పార్కు గుర్తొస్తుంది. సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. నేను ఈ పూట చెప్పబోయేది ఆ పలకల సంగతి కాదు, బడిపిల్లల పలకల సంగతి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. ఆ రెంటి నడుమ వాళ్ళ కాలికి రాయి ఎక్కడ తగులుతుందో చూడండి.

భూగర్భజలాల పాఠంలో ఒక అమ్మాయి "బావియల్లి ఊట ఇదె" అని జవాబు రాసింది. తెలుగులో ఊట అంటే నేలలోంచి ఊరే నీరు. కన్నడంలో ఊట అంటే భోజనం. బావిలో భోజనం ఉందట అని తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను, అది నా తప్పు. ఆ పిల్లకు పాఠం బాగానే అర్థమైంది. అయినా ఆ తర్వాత కొన్నాళ్ళు చెయ్యెత్తలేదు.

అప్పుడు నా ఫోను తీసి, అంతర్జాలంలో ఉచితంగా దొరికే మూడు రకాల పనిముట్లు ఆమెతోనే పరీక్ష చేయించాను.

మొదటిది అక్షరముఖ. ఇది లిపిని మారుస్తుంది. కన్నడ లిపిలో ఊట అని ఇస్తే తెలుగు లిపిలో ఊట అనే ఇస్తుంది. అర్థం జోలికి పోదు. కన్నడం వచ్చి తెలుగు అక్షరాలు రాని పిల్లలకు చదవడం నేర్పడానికి ఇది మంచి సాయం.

రెండవది నిఘంటువు. కన్నడానికి 'అలర్' ఉంది. వి. కృష్ణగారు ఏళ్ళ తరబడి కూర్చిన లక్షన్నరకు పైగా మాటలు 2019లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగుకు 'ఆంధ్రభారతి' ఉంది. అందులో ఒక మాటను అనేక నిఘంటువుల్లో ఒకేసారి వెతకవచ్చు.

మూడవది అనువాద యంత్రం. గూగుల్ అనువాదంలో తెలుగు, కన్నడం 2011లో చేరాయి. దీనికి ఒంటి మాట ఇవ్వకండి, పూర్తి వాక్యం ఇవ్వండి. వచ్చిన జవాబును మళ్ళీ మొదటి భాషలోకి తిప్పి చూడండి. అర్థం మారిపోతే నమ్మకండి, నిఘంటువు చూడండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఏ పనిముట్టునైనా పిల్లల చేతికిచ్చే ముందు, మీకు జవాబు తెలిసిన ఐదు మాటలతో మీరే పరీక్షించండి. పిల్లల పేరు, ఫోను నంబరు అడిగేవాటిని పక్కన పెట్టండి. తరగతికి ఒక్క ఫోను చాలు, అది మీ చేతిలో ఉంటే చాలు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ గుర్తు ఉంటే, దీక్షా యాప్‌లో ఆ పాఠం ఇంట్లోనే దించుకుని తీసుకుపోవచ్చు. బడిలో సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క కన్నడం. తెలుగు తిండి అన్నం, కన్నడ తిండి ఫలహారం. మనం తాగే పాలు అక్కడ హాలు, కన్నడంలో పాలు అంటే వాటా. మొదటి వరుసలో ఊట ఉంది. కొత్త జంట దొరికినప్పుడల్లా తానే లేచి తరగతికి చదివి వినిపిస్తుంది. ఇప్పుడూ నవ్వుతారు, ఆమె కూడా వాళ్ళతో నవ్వుతుంది.

మీ ఇంట్లోనూ ఇటువంటి మాటలు ఉంటాయి. ఈ రాత్రి పిల్లలతో కూర్చుని ఒక్కటి వెతికి చూడండి. సెలవు.