ఇరవై ఒక్క అంకెల సంఖ్య

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా అంకగణితం చెప్పారు. అందుకని ఈ సాయంత్రం ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను. 67 రెళ్లను వరసగా గుణించి, ఆ లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది 147573952589676412927.

ఈ తరహా సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలేవో చెబుతూ ఫ్రాన్సులో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి 1644లో ఒక జాబితా ప్రకటించాడు. మన సంఖ్యా అందులో ఉంది. 1876లో ఎదువా లూకా అనే గణితజ్ఞుడు అది ప్రధాన సంఖ్య కాదని తేల్చేశాడు. కానీ దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఒక్కటీ ఆయన చూపలేదు. చూపాల్సిన అవసరమే రాలేదు!

లూకా వాడిన పద్ధతికి తర్వాత లేమర్ అనే గణితజ్ఞుడు తుదిరూపం ఇచ్చాడు. చిన్న ఉదాహరణ చేద్దాం, కాగితం ఉన్నవాళ్లు నాతోపాటు వేయండి. 7 రెళ్ల లబ్ధంలోంచి ఒకటి తీస్తే 127. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసేయాలి. వచ్చినదాన్ని 127తో భాగించి శేషం మాత్రం ఉంచుకుని, దానితో మళ్లీ అదే చేయాలి. 4, 14, 67, 42, 111, 0. అయిదో మెట్టు మీద సున్నా వచ్చింది, కాబట్టి 127 ప్రధాన సంఖ్య. మన పెద్ద సంఖ్యకు 65 మెట్లు. చివర సున్నా రాదు.

మరి కారణాంకాలు? వాటికోసం 1903 అక్టోబరు దాకా ఆగాలి. అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని బయటపెట్టాడు: 193707721, 761838257287. ఆయన నోరు విప్పకుండా బోర్డు మీద ఈ గుణకారం చేసి కూర్చున్నాడనీ, వీటిని కనుక్కోవడానికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయన్నాడనీ గణిత చరిత్ర రచయిత ఎరిక్ టెంపుల్ బెల్ రాశాడు. గుడ్డిగా వెతికిన పని కాదది. ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకమున్నా, దాన్ని 134తో భాగిస్తే ఒకటి మిగలాలి. ఎనిమిదితో భాగిస్తే ఒకటో ఏడో మిగలాలి. అంత వడపోసినా, చిన్న కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే అది 134కు 1445580 రెట్లు, అంటే పరీక్షించాల్సినవి ఇంకా లక్షల్లోనే. వర్గ శేషాల (వర్గ సంఖ్యలను భాగిస్తే మిగిలే శేషాల) సాయంతో కోల్ ఆ వడపోతను ఇంకా బిగించాడు.

కోల్ ఓర్పుకు చేతులెత్తి మొక్కుతాను. అయినా నా దృష్టిలో లూకా చేసిందే పెద్ద పని. ఒక సంఖ్య విడిపోతుందని తెలియడం వేరు, ఎలా విడిపోతుందో తెలియడం వేరు అని ఆయన లెక్క చూపించింది. ఆ రెంటి మధ్య దూరం ఇప్పటికీ తగ్గలేదు. ప్రధానమా కాదా అన్నది, అంకెలు పెరిగినా శ్రమ అదుపు తప్పకుండా, ఏ సందేహమూ మిగలకుండా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. కారణాంకాలకు అలాంటిది మామూలు కంప్యూటర్ల మీద ఎవరికీ దొరకలేదు. 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి ఆ కష్టాన్నే నమ్ముకుంది. ఆ లిపిలో వాడే తరహా 250 అంకెల సంఖ్య ఒకదాన్ని 2020లో విడగొట్టడానికి వేల కంప్యూటర్ కోర్లు నెలల తరబడి పనిచేశాయి. అది ప్రధానం కాదని చెప్పడానికైతే బల్లమీది కంప్యూటరుకు క్షణం చాలు.

ఇంత నమ్ముకున్నా, కారణాంకాలు కనుక్కోవడం నిజంగానే కష్టమని నిరూపించినవారు ఇంతవరకు లేరు. తేలికదారి ఉందేమో, లేదేమో. ఈ సభలోని పిల్లల్లో ఎవరైనా ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లాలని నా కోరిక.