అంతర్జాలం: ఒక కొత్త అధ్యయనం

నార్కట్‌పల్లి వద్ద రెండు బాటలు కలియుచున్నవి. ఒకటి హైదరాబాదు నుండి విజయవాడకు పోవునది. మరొకటి అక్కడ చీలి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి సాగునది. బాట వేయుట ఇంజనీరు పని. కాని బాట పడిన తరువాత ఊరికి ఏమి వచ్చినది, ఊరినుండి ఎవరు తరలిపోయినారు, ఏ వదంతి ఎక్కడ దిగినది అని అడిగితే ఆయన చెప్పలేడు. అంతర్జాలం సంగతీ అంతే.

మన దేశంలో అది సామాన్యులకు 1995 ఆగస్టు 15న అందివచ్చినది. అంతకుముందు అది చాలవరకు కంప్యూటరు విద్వాంసుల సొత్తు. జనం అందులో చేరి మాటలాడుకొనుట, బేరాలాడుట, తగవులాడుట మొదలైన పిమ్మట సమాజశాస్త్రజ్ఞులు, భాషావేత్తలు, న్యాయవేత్తలు తలా ఒక కొస పట్టుకొన్నారు. 1999లో అంతర్జాల పరిశోధకుల సంఘం ఏర్పడినది; మరుసటి యేడు అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో దాని తొలి మహాసభ జరిగినది. 2001లో ఆక్స్‌ఫర్డులో ఇందుకొక ప్రత్యేక సంస్థయే వెలసినది. దీనికి సొంత పద్ధతి లేదనీ, అంతా అరువు సొమ్మేననీ ఆక్షేపించేవారు లేకపోలేదు. వైద్యశాస్త్రం మాత్రం రసాయనశాస్త్రం వద్ద అరువు తెచ్చుకొనలేదా?

ఈ అధ్యయనం మనకెందుకు? 2018లో గద్వాల, వనపర్తి పల్లెలలో, పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ ద్వారా పుకారు పాకినది. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకొనే జనం ఉక్కలోనే తలుపులు బిగించుకొన్నారు. నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి తన సిబ్బందిని ఊరూరికీ పంపి, డప్పుతోనూ పాటతోనూ అది బూటకమని చాటించినారు. అటువంటి పుకారే ఆ యేడు జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని బలిగొన్నది.

అదే నెలలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేమారు ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది. కట్టడి ఎంత పనిచేయును, డప్పు ఎంత పనిచేయును? ఇది తేల్చుట సులభం కాదు. ఆ సందేశాలు 2016 నుండి, పంపినవారూ అందుకొన్నవారూ తప్ప అన్యులు చదువలేని విధంగా పోవుచున్నవి. కనుక గదిలో కూర్చుండి లెక్కించుటతో సరిపోదు. పరిశోధకుడు పల్లెకు పోవలసినదే. ఎవరు పంపినారని నమ్మినారు? బంధువనియా, ఊరి పెద్ద అనియా? చదువురాని అవ్వకు మనుమడు ఫోను పట్టి వినిపించిన మాట ఏ కంపెనీ లెక్కలోనికీ రాదు. ఆ అవ్వను, ఆమె తెలంగాణపు పలుకుబడిలోనే, అనుమతి తీసుకొని అడుగవలెను. నార్కట్‌పల్లికి చేరువనే, నల్లగొండలో, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007 నుండి ఉన్నది. అక్కడి విద్యార్థులకు ఈ పనికి దూరప్రయాణం అక్కరలేదు.