ఢాకా నుంచి వెళ్లిన టెలిగ్రామ్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1971లో నేనిక్కడ 9వ తరగతి. ఆ ఏడాది చివర్లో మా అన్నయ్య హాస్టల్ నుంచి రాసిన కవరు మీద మామూలు స్టాంపు పక్కన ఇంకో 5 పైసల స్టాంపు ఉంది. ఎందుకని అడిగితే, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం అన్నారు మా సోషల్ మాస్టారు. దాదాపు కోటి మంది. అంతమంది ఇల్లూ వాకిలీ ఎందుకు వదిలారో నాకు సరిగా తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, రాజనీతిశాస్త్రం లెక్చరర్‌గా చేరాక.

ఒక దేశంలో మనుషుల హక్కులు ఏ స్థితిలో ఉన్నాయో అక్కడి విదేశీ దౌత్యాధికారులు తమ ప్రభుత్వాలకు రాస్తుంటారు. అమెరికాలో ఏటా అలా నివేదిక ఇవ్వాలని 1970ల్లో చట్టమే వచ్చింది. ఆ చట్టానికి ముందే, ఎవరూ అడగకుండా వెళ్లిన ఒక టెలిగ్రామ్ గురించి చెబుతాను.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. యూనివర్సిటీలో విద్యార్థుల్నీ, అధ్యాపకుల్నీ చంపింది. (పాఠం చెప్పేటప్పుడు ఈ వాక్యం దగ్గర నాకెప్పుడూ గొంతు పట్టేసేది.) అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ జరుగుతున్నది జరుగుతున్నట్టు వాషింగ్టన్‌కు రాశాడు. వాషింగ్టన్ పెదవి విప్పలేదు. నిక్సన్‌కూ, కిసింజర్‌కూ అప్పుడు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్ అవసరం. చైనాతో రహస్య మంతనాలకు ఆయనే వారధి. ఏప్రిల్ 6న ఢాకాలోని 20 మంది అమెరికన్ అధికారులు, తమ ప్రభుత్వ విధానంతో ఏకీభవించలేమని సంతకాలు చేశారు. బ్లడ్ దాన్ని సమర్థిస్తూ తన మాట కూడా చేర్చి పంపాడు.

క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ఆయన ఉద్యోగం పోయిందా?"

పోలేదు. ఢాకా నుంచి తప్పించి, వాషింగ్టన్‌లో సిబ్బంది వ్యవహారాలు చూసే కుర్చీలో కూర్చోబెట్టారు. అమెరికా విధానం మాత్రం మారలేదు. మరి రాసి ఏం లాభం అని ఇంకో పిల్లవాడు అడిగేవాడు. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆ కాగితాలు దస్త్రాల్లో ఉన్నాయి కాబట్టి, మాకప్పుడు తెలియదని ఇవాళ ఎవరూ అనలేరు. అంతవరకే చెప్పగలిగేవాణ్ణి. 2004లో బ్లడ్ పోయాక ఢాకాలోని అమెరికన్ సెంటర్ గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు.

అన్నయ్య కవరు ఇవాళ తెచ్చాను. భోజనాల దగ్గర చూపిస్తాను. స్టాంపు మాత్రం పీకకండి, మన బ్యాచ్ సంగతి నాకు తెలుసు!